రాములవ్వ పెంచిన పాచి

నిజామాబాద్ పసుపు యార్డులో బస్తాలు కుట్టే పోశన్న నోట్లో నాలుక లేని మనిషి. ఆ ఇంటికి కావలసిన మాటలన్నీ భార్య రాములవ్వే మాట్లాడేది. పిల్లల్లేరు. ఆమె ప్రాణమంతా గాజుతొట్టిలోని నాలుగు ఎర్రచేపల మీదే. రంగుచేపలు అమ్మే దుకాణంలో ఊడ్చే పనికి పోయి ఓ ఉపాయం నేర్చుకొచ్చింది. ఉల్లిగడ్డ సంచి వలను తొట్టి పైన కట్టి, చిన్న మోటరుతో దాని మీద నీళ్లు జారేలా చేసి, పక్కన బల్బు పెట్టింది. వల నిండా పాచి పట్టింది. చూసినవాళ్లు మొహం చిట్లించేవారు.

"మురికి అనకుండ్రి. నీళ్లల్ల చెడునంత గదే తింటది," అనేది. వారానికోసారి సగం పాచే గీకేది. మిగతా సగం ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు.

జ్వరం ముదిరి దవాఖానలో పడ్డాక కూడా ఆమె అడిగింది ఒక్కటే. "నా శాపలను సూస్కో." పోశన్న తలూపాడు. మర్నాడే ఆమె పోయింది.

పదకొండో రోజు మైల తీయాలి కదా. చందూర్ నుంచి వచ్చిన అక్క దేవవ్వ కొంగు నడుముకు చెక్కి ఇల్లంతా కడగడం మొదలుపెట్టింది. పోశన్న వాకిట్లో గుండు చేయించుకుంటున్నాడు.

"తమ్మీ, గీ పాసి గూడ తియ్యాల్నా?" లోపలి నుంచి అడిగింది.

అతని చెవికి ఆ రోజు ఏ మాటా ఎక్కడం లేదు. "అన్నీ కడుగక్కా," అన్నాడు.

ఆ మహాతల్లి మాత్రం ఏం చేస్తుంది పాపం! బ్లీచింగ్ పౌడర్ వేసి, వలను మల్లెపువ్వులా తోమి, వాసన పోయేదాకా నాలుగు నీళ్లలో జాడించి, ఉన్నచోటనే కట్టింది.

రెండు మూడు రోజుల్లో నీళ్లు మసకబారాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. అప్పుడు గానీ పోశన్న వల వైపు చూడలేదు. నీళ్లు మార్చాడు, మేత ఆపాడు, బల్బు ఆర్పకుండా ఉంచాడు. పాచి పిలిస్తే వచ్చేదా? వారాలు పడుతుంది. చేపలు ఒక్కొక్కటే వెల్లకిలా తేలాయి.

చివరిదాన్ని అరచేతిలో పట్టుకుని గోడకానుకుని కూలబడ్డాడు. పాడె లేచినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఎందుకు చచ్చాయో అక్కకు చెప్పలేదు. చెప్పి ఆమెను కూడా ఏడిపించడం ఎందుకు?

"శాపలే గదరా. అంగట్ల మల్ల దొరుకుతయ్," అంది దేవవ్వ, వీపు నిమురుతూ.

"దొరుకుతయక్కా," అన్నాడు పోశన్న. "ఇన్నేండ్లల్ల ఆమె నన్ను అడిగింది గిదొక్కటే. గది గూడ నాతోని కాలే."