రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని...

నాకు పదేళ్లప్పుడు మా నాయన పనిముట్లలో నా కుడి చెవి కూడా ఒకటి...

హిందూపురంలో నాయనకు చిన్న కార్ల షెడ్డు ఉండేది. రేకులు కొట్టీ కొట్టీ ఆయనకు చెవులు మందగించాయి. బయట తెలిస్తే బేరాలు పోతాయని ఇంట్లోనే గుట్టుగా ఉంచాం. పాత కారు నిలబడిన చోటే ఇంజిన్ ఎగిసిపడుతూ, తగ్గుతూ ఉంటే... ఏదో పైపు బయటి గాలి పీలుస్తోందని అర్థం. రబ్బరు గొట్టం ఒక కొస నా చెవిలో పెట్టి, రెండో కొస ఇంజిన్ మీద మెల్లగా తిప్పేవాడు. "స్‌స్..." అని వినిపించిన చోట నేను చెయ్యెత్తాలి. చూసినవాళ్లు బిడ్డను ఆడిస్తున్నాడనుకునేవాళ్లు. నాకు మాత్రం మహా గర్వం.

ఒక ఆదివారం పెనుకొండ నుంచి బాషా మామ తన టాక్సీ తెచ్చాడు. ధర్మవరంలో చీరలు కొనడానికి వచ్చినవాళ్లను ఎక్కించుకోవాలని ఆయన తొందర. కార్బురేటర్ కింద ఒక చోట గాలి దొరికింది, నాయన బిగించాడు. తర్వాత గొట్టం బ్రేకుకు పోయే పైపు దగ్గరికి వచ్చింది... ఇంజిన్ ఆ పైపులోంచి గాలి లాగుతుంటేనే బ్రేకు తేలిగ్గా పడుతుంది.

"ఈడేమన్నా వినిపిస్తాందా పాపా?"

వినిపించింది. సన్నగా... కానీ షెడ్డు బయట నా స్నేహితురాలు గంట అద్దెకు తెచ్చిన సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. చెయ్యెత్తితే ఆ పైపు మార్చేసరికి గంట కాస్తా అయిపోతుంది.

"లేదు నాయనా" అన్నాను.

"ఇంకేం లేదు బాషా, నిమ్మళంగా పోయి రా" అని నాయన బానెట్ మూసేశాడు.

పెనుకొండ దాటాక దిగుడులో ఆ పైపు పూర్తిగా చీలిపోయింది. బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుపోయి, ఎంత తొక్కినా ఆగక కారు పోయి మోరీ గోడకు గుద్దుకుంది. బాషా మామ ప్రాణం దక్కింది గానీ, కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

నాయన ఆసుపత్రి నుంచి వచ్చి గోడకు తల ఆనించి కూర్చున్నాడు. "పసిబిడ్డ చెవిని నమ్ముకొని ఇంకొకని ప్రాణంతో ఆడుకుంటి... తప్పు నాదే" అన్నాడు అమ్మతో. ఆ తర్వాత కార్లు ముట్టలేదు, సైకిళ్లకు పంచర్లు వేస్తూ బతికాడు. ఆయన పోయేదాకా నేను నోరు విప్పలేదు. ఛీ, ఏం మనిషిని నేను...

ఇప్పుడు కారుకు వైరు తగిలిస్తే యంత్రమే లోపం చూపిస్తుంది. దానికి సైకిలు మీద మనసు పోదు.

పోయిన నెల ఎలాగైనా చెప్పేద్దామని పెనుకొండ పోయాను. బాషా మామ కర్ర ఊతతో లేచి వచ్చాడు. "మీ నాయన దేవుడమ్మా... పోయేదాకా నెలనెలా నన్ను చూసేకి వస్తాండె. ఆయన తప్పేముండాది, నేనే ఆ పొద్దు జోరుగా పోయింటి" అన్నాడు.

నేను టీ తాగి వచ్చేశాను.

మీలో ఎవరైనా ఇలాంటి మాట ఎన్నో ఏళ్ల తర్వాత చెప్పగలిగారా... ఎలా మొదలుపెట్టారో కింద రాయండి. బాషా మామకు డెబ్బై దాటాయి.