సగం మీసం

మాట ఆగితే కత్తెర ఆగిపోతుందని సెలూన్ మావయ్య నమ్మకం. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఆయన కుర్చీలో ఉత్త తలతో కూర్చున్నవాడు వీధిలోని కాపురాల సంగతులన్నీ తలకెక్కించుకుని లేస్తాడు. ఏదీ దాచలేని మనిషే. అయినా ఒకే ఒక్క అబద్ధం ఆడాడు, అదీ తొమ్మిదేళ్ళ పిల్లతో.

ఆ పిల్ల ఆయన కన్నబిడ్డ కాదు. కన్నవాళ్ళ దగ్గర ఉండే వీలులేని పిల్లల్ని కొంతకాలం పెంచమని వేరే ఇళ్ళకు అప్పగించే ఆఫీసు ఒకటుంది. ఆ ఆఫీసువాళ్ళే పిల్లను తెచ్చి అప్పగించారు. ఆమెకిది మూడో ఇల్లు. వచ్చిన రోజు పిల్ల చేతిలో బట్టల సంచీ, ఆఫీసరమ్మ చేతిలో మందుల సంచీ ఉన్నాయి. రెండింట్లో మందులదే బరువు. మొదటి ఇంట్లో అరుస్తోందని ఒక మాత్ర వచ్చింది. రెండో ఇంట్లో నిద్రపోవట్లేదని ఇంకొకటి, గిన్నెలు విసురుతోందని మరొకటి చేరాయి. ఇల్లు మారినప్పుడల్లా డాక్టరు మారాడు గానీ, పాత మాత్ర మాత్రం ఎక్కడికీ పోలేదు.

మందులు పెట్టెలో పెట్టి తాళం వేయాలనీ, పెద్దవాళ్ళే దగ్గరుండి మింగించాలనీ, సొంత తెలివితో పెంచడం తగ్గించడం కూడదనీ, పొరపాటు జరిగితే వెంటనే ఫోన్ చేయాలనీ ఆఫీసరమ్మ చెప్పి వెళ్ళింది. మావయ్య భార్య పక్కనే ఇస్త్రీ బడ్డీ నడుపుతుంది. పిల్ల ఆమెను అత్తయ్య అంటుంది. అత్తయ్య తాళంచెవి మెడలో వేసుకుంది.

పిల్ల దేన్నీ ఊరికే ఒప్పుకునే రకం కాదు. పాలు చల్లారాయంటే వేలు ముంచి చూస్తుంది. సెలూన్ కుర్చీ గుండ్రంగా తిరుగుతుందంటే కళ్ళు తిరిగేదాకా తిరిగి, అప్పుడు సరేనంది. అందుకే మావయ్య ఆమెకు జడ్జమ్మ అని పేరు పెట్టాడు. మాత్ర ఇవ్వబోతే జడ్జమ్మ మూతి బిగించి, "ముందు నువ్వు మింగు" అంది. మావయ్యకు కాళ్ళ తిమ్మిర్లకని రోజూ వేసుకునే విటమిన్ మాత్ర ఉంది, అదీ తెల్లగా, గుండ్రంగా. "నాదీ నీలాంటిదేనమ్మా, ఇద్దరం కలిసే మింగుదాం" అనేశాడు. అప్పట్నుంచీ పొద్దున్నే బల్లమీద రెండు చిన్న గిన్నెలు, రెండు మాత్రలు, రెండు గుటకలు.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. ఇది అతకలేదు. మాత్ర పడ్డాక తనకు క్లాసులో కళ్ళు మూతలు పడుతుంటే, అదే మాత్ర మింగిన మావయ్య పొద్దుగూకేదాకా వాగుతూనే ఉండటం జడ్జమ్మ గమనించింది. ఒక సెలవు రోజు, అత్తయ్య పెట్టెకు తాళం వేస్తుండగా, మావయ్య నీళ్ళకు వెళ్ళగా, చల్లగా గిన్నెలు మార్చేసింది. ఆ తర్వాత సెలూన్‌లో బెంచీ ఎక్కి, ఏమవుతుందో చూద్దామని కూర్చుంది.

కుర్చీలో బ్యాంకు గార్డు ఉన్నాడు. మీసం మీద నిమ్మకాయలు నిలబెట్టగల మనిషి. కొసలు సరిచేయడానికి మావయ్య ట్రిమ్మర్ అందుకున్నాడు. ఎవరి ఇంటి గొడవో చెబుతూ చెబుతూ, కథ మంచి పట్టులో ఉండగా ఆగాడు. గార్డు "ఆ తర్వాత?" అన్నాడు. తర్వాతేముంది, మావయ్య తల మెల్లగా గార్డు భుజం మీదకు వాలింది. మనిషి నిద్రపోయాడు గానీ చేతిలోని ట్రిమ్మర్ నిద్రపోలేదు. ఎడమవైపు మీసాన్ని ముక్కు కింద నుంచి చెంపదాకా ఊడ్చేసింది.

అద్దంలో చూసుకున్న గార్డు వేసిన కేకకు అత్తయ్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చింది. గార్డు సగం మీసంతో ఎంత కోపంగా చూసినా సగం కోపమే కనబడుతోంది. బెంచీ మీంచి జడ్జమ్మ లేచి, "ఆయన తప్పు లేదు. గిన్నెలు నేనే మార్చాను. అది నా మాత్ర" అని చెప్పింది. చెప్పి, ఎవరూ అడగకుండానే లోపలికెళ్ళి బట్టల సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. ఇంతకుముందు రెండిళ్ళలోనూ కథ ఇలాగే ముగిసింది మరి.

అత్తయ్య ముందు డాక్టరమ్మకు ఫోన్ చేసింది. మావయ్యను ఒంటరిగా వదలొద్దనీ, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, లేపితే లేవకపోయినా ఆసుపత్రికి తీసుకురమ్మనీ, కత్తెర ముట్టుకోనివ్వద్దనీ డాక్టరమ్మ చెప్పింది. పిల్లకు తప్పిన మాత్ర ఇప్పుడు ఇవ్వొద్దని కూడా చెప్పింది. తర్వాత అత్తయ్య ఆఫీసరమ్మ నంబరు నొక్కబోతే మావయ్య ఒక కన్ను తెరిచి, ఆవిడకి చెప్పొద్దనీ, చెబితే పిల్లను తీసుకుపోతారనీ బతిమాలాడు.

"నీ మొదటి అబద్ధానికి మీసం పోయింది. రెండోదానికి పిల్ల పోతుంది" అని అత్తయ్య ఫోన్ కలిపింది.

ఆఫీసరమ్మ వచ్చేసరికి జడ్జమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో ఉంది. మావయ్య తూలుతూనే జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. పిల్లవైపు తిరిగి, "నాది విటమిన్ మాత్రమ్మా. నీలాంటిది కాదు" అన్నాడు.

"తెలుసు," అంది జడ్జమ్మ. "ఇవాళే తేలింది."

ఆఫీసరమ్మ ఆ జంట గిన్నెల పద్ధతికి చీవాట్లు పెట్టింది. అయినా పిల్ల సంచీ మాత్రం అందుకోలేదు. మందుల పెట్టెతో సహా ముగ్గురినీ డాక్టరు దగ్గరికి రమ్మంది.

అక్కడ మావయ్య తనంత మనిషినే పడగొట్టిన మాత్ర పిల్లనేం చేస్తుందో అని వాదన మొదలుపెట్టాడు. అలవాటు లేని ఒంటిని చూసి లెక్క కట్టలేమని డాక్టరమ్మ ఆయన్ను ఆపి, పిల్లనడిగింది: నీకెలా ఉంటుంది? ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. జడ్జమ్మ ఆలోచించి, "తలమీద తడిదుప్పటి కప్పినట్టుంటుంది" అంది. డాక్టరమ్మ మాత్రలన్నీ ముందు పరుచుకుని, ఎవరు ఎందుకు మొదలుపెట్టారో ఆరా తీసి, పొద్దుటి మాత్రను కొద్దికొద్దిగా తగ్గిద్దామంది. మొత్తం ఒకేసారి మానేయొచ్చు కదా అని మావయ్య ఆశపడితే, అది మరీ ప్రమాదమని కసిరింది.

ఆ సాయంత్రం బట్టలు మళ్ళీ అల్మరాలోకి వెళ్ళాయి. ఖాళీ సంచీని అత్తయ్య ఇస్త్రీ బట్టలకు వాడుకుంటానని తీసేసుకుంది. ఇప్పుడు జడ్జమ్మ మాత్రల అట్ట మీద పేరు తనే చదువుకుని మింగుతుంది. మావయ్య తన విటమిన్ ఆ తర్వాత, వేరుగా వేసుకుని, నోరు తెరిచి చూపించాలి.

రెండోవైపు కూడా తీయించుకుని బోసిమూతితో తిరిగిన గార్డుకు మళ్ళీ మీసం మొలిచింది. ఒక పొద్దున సెలూన్‌కి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా నిలబడి, "ఇవాళ ఏం మింగావయ్యా?" అన్నాడు. మావయ్య ప్రమాణం చేయబోయాడు. గార్డు ఆయన్ను పట్టించుకోకుండా బడికి బయల్దేరుతున్న జడ్జమ్మ వైపు చూశాడు.

"విటమినే. దగ్గరుండి చూశాను," అందామె.

గార్డు కుర్చీలో కూర్చున్నాడు.