ఫ్లాపీ మూలనున్న మీట

భీమవరం నుంచి రాజమండ్రి వెళ్ళే బస్సులో పక్క సీటాయన, రొయ్యల చెరువులకు మేత లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రాం రాసింది తానేనన్నారు. మా ఊళ్ళో అందరం కాపీలు చేసుకుని వాడేది అదే.

"కాపీరైటు ఉంది కదండీ, కేసెయ్యరా?" అన్నాను.

"కథైతే రాసింది రాసినట్టే ఉండాలండి. ఇది పనిముట్టు. వాడేవాళ్ళు దిద్దుకోవద్దా?"

"అయితే ఓ తప్పుందండి. అమావాస్యకి రొయ్య పైపెంకు విడుస్తుంది, మేత తగ్గించాలి. మీ లెక్కలో అది లేదు."

ఆయన నొచ్చుకోలేదు. సంచిలోంచి అసలు ప్రోగ్రామున్న ఫ్లాపీ తీశారు. దాని మూలన, మార్పులు పడకుండా ఆపే చిన్న మీటను గోటితో జరిపి నా చేతిలో పెట్టారు.

"మీరే కలపండి."

ఊరెళ్ళాక కలిపాను, అడిగినవాళ్ళకి కాపీలిచ్చాను. కొన్నేళ్ళకు పాలకొల్లు దగ్గర ఒక చెరువు షెడ్డులో అదే ప్రోగ్రాం కనిపించింది. నా అమావాస్య లెక్క కింద ఎవరో మేత తగ్గించాల్సిన ముసురు రోజులు కూడా చేర్చారు. నన్నెవరూ అడగలేదు. అడగనందుకే సంతోషమేసింది.