చెట్టు మీద మనిషిని పిలిచాను

మా బడిలో లెక్కల మాస్టారు నాసిక్ ద్రాక్షతోటలు చూసి, అక్కడి వైను రుచి చూసి వచ్చి వారం రోజులు స్టాఫ్ రూములో మమ్మల్ని చంపుకుతిన్నాడు. చివరికి నా వైపు తిరిగి, "మీ ఉత్తరాంధ్రలో ఇలాంటివి ఏమున్నాయి లెండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పుట్టి పెరిగిందంతా విజయనగరమే. కానీ జవాబు చెప్పడానికి నా దగ్గర సరుకు లేదు. మూడు తరాలుగా గుడిసేవలో, సంగీతంలో ఉన్న ఇల్లు మాది. కల్లు అనే మాట అంటేనే మా నాయనమ్మ నోరు కడుక్కోమనేది. మా అటెండరే నన్ను ఆదుకున్నాడు. తాటికల్లు తాగాలంటే శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి చుట్టుపక్కల పల్లెలకే వెళ్ళాలనీ, అదీ మార్చిలో పొద్దున్నే చెట్టు కిందే తాగాలనీ చెప్పాడు. అక్కడికి ఎందుకు వెళ్ళాలో కారణాలన్నీ రాసుకొచ్చి లెక్కల మాస్టారి మొహాన కొడదామని, ఆదివారం తెల్లవారకముందే పాసింజరు ఎక్కాను.

టిక్కెట్టు ముప్పై రూపాయల లోపే. రెండు గంటల ప్రయాణం. శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్ళు బస్సులో నరసన్నపేట మీదుగా కూడా రావచ్చు. ఏడుంపావుకి కోటబొమ్మాళిలో దిగి ఆటో మాట్లాడుకున్నాను, రానూపోనూ మూడు వందలు. డ్రైవరు సింహాచలం నా ఇస్త్రీ చొక్కా వైపు ఒకసారి చూశాడు. "ఏటి మాస్టారూ, తాగడానికా, ఫొటోలకా?" అన్నాడు. రెండింటికీ అన్నాను. "తొమ్మిది దాటితే పులిసిపోద్ది, తొరగా ఎల్లాల" అంటూ కోసేసిన వరిమళ్ళ మధ్య నుంచి పోనిచ్చాడు.

గట్ల మీద వరసగా ముప్పై నలభై తాటిచెట్లు. కల్లు గీసే మనిషి పేరు గురువులు, యాభై దాటినవాడు. భార్య అప్పలనర్సమ్మ కింద కూర్చుని, దించిన ముంతల్లోని కల్లు వడకడుతోంది. ఆవిడ తాటాకు దొన్నె చేతికిచ్చి పోసింది. ముక్కు మూసుకునే తాగాను, తాగి నివ్వెరపోయాను. తియ్యగా, చల్లగా ఉంది. ముక్కు వదిలి చూస్తే వాసన కూడా లేదు. నలభై ఆరేళ్ళు దీని గురించి నాకు అబద్ధం చెప్పారనిపించి కోపం కూడా వచ్చింది. రెండో దొన్నె నేనే అడిగాను. డబ్బులిస్తానంటే "ముందు తాగు బాబూ, ఎక్కడికి పోతావు" అంది.

గురువులు నడుము చుట్టూ మోకు బిగించుకుని, పాదాలకు చిన్న తాడు తగిలించుకుని తరవాతి చెట్టు ఎక్కుతున్నాడు. మూడంతస్తుల మేడంత ఎత్తు. ఫోన్లో అతని వీపు తప్ప ఏమీ పడటం లేదు. నాకు మొహం కావాలి. గొంతెత్తి పిలిచాను. "గురువులూ, ఒక్కసారి ఇటు చూడండి."

చూశాడు. పాదం జారింది. మోకుతో సహా బారెడు కిందికి జారి, ఛాతీ మానుకు రాసుకుంటూ ఆగాడు. నడుముకున్న గీతకత్తి ఊడి వచ్చి నా చెప్పులకు మూరెడు దూరంలో మట్టిలో దిగబడింది. మళ్ళీ కేక వెయ్యబోయాను. అప్పలనర్సమ్మ ఎప్పుడు లేచిందో, కల్లుతో తడిసిన అరచేత్తో నా నోరు గట్టిగా మూసేసింది. "అరవకు. మళ్ళీ సూస్తాడు" అంది చెవిలో. సింహాచలం కూడా గట్టు మీద కొయ్యబారిపోయాడు. ముగ్గురం అలాగే నిలబడ్డాం. పైన గురువులు మానును కావలించుకుని కాసేపు ఊపిరి తీసుకుని, పాదాలు సర్దుకుని మెల్లగా దిగాడు.

ఛాతీ నిండా గీరుకుపోయి రక్తం ఓడుతోంది. క్షమించమన్నాను. "సెట్టెక్కినోణ్ని కింద నుంచి పిలవకూడదు బాబూ. మా పసిపిల్లలకి కూడా తెలుసు" అన్నాడు, తిట్టినట్టు కూడా కాదు. తిట్టినా బాగుండేది. కత్తి పీకి, మట్టి తుడిచి, మళ్ళీ అదే చెట్టు దగ్గరికి నడిచాడు. ఇవాళ్టికి వద్దని బతిమాలాను. "ఒక్క పూట గియ్యకపోతే గెల ఎండిపోద్ది" అని మోకు బిగించాడు.

అప్పుడు అప్పలనర్సమ్మ చెట్టుకు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. చూడవా అమ్మా అని గొంతు తగ్గించి అడిగాను. "పెళ్ళైన కాడ్నించీ సూడనేదు. సూస్తే పిలవాలనిపిస్తాది" అంది. మరి దిగాడని ఎలా తెలుస్తుందన్నాను. "కాళ్ళ సప్పుడు ఇనిపిస్తాది. ఇయ్యాల నా సెవులు పనిసెయ్యట్నేదు బాబూ. నువ్వు సూడు. నోరు తెరవకు. దిగినాక సెప్పు."

చూశాను. ఫోను జేబులో పెట్టేసి రెప్ప వెయ్యకుండా చూశాను. అతను గెల చెక్కి, ముంత మార్చి, ఒక్కో అడుగూ దిగాడు. పాదాలు నేలకు ఆనాక "దిగాడమ్మా" అన్నాను. ఆవిడ వెంటనే తిరగలేదు. "రెండు కాళ్ళూనా?" అంది.

ఆ ప్రాంతానికి ఎందుకు వెళ్ళాలని అడిగితే ఆ తీపి ఒక్కటీ చాలు, తప్పకుండా వెళ్ళమంటాను. కానీ ఆ తీపి కోసం ఆవిడ రోజూ రెండు పూటలా చెట్టుకు వీపు పెట్టి కూర్చుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. నా ఫొటో సరదా ఆవిడ బతుకును ఒక్క క్షణంలో తలకిందులు చేసేదని తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. లెక్కల మాస్టారికి ఏమీ చెప్పలేకపోయాను. మీరు వెళ్తే ఫిబ్రవరి నుంచి మే లోపు, వీలైతే మార్చిలో వెళ్ళండి, ఎనిమిదిలోపు చేరండి. ఫొటో కావాలంటే ఎక్కకముందే అడిగి తీసుకోండి. ఎక్కాక రెండు కాళ్ళూ నేలకు ఆనేదాకా నోరు విప్పకండి.