జీవాల నీళ్లు

ఎమ్మెస్సీ చివరి ఏడాది కరీంనగర్‌లో నేను చేసిన ప్రాజెక్టు పారమీషియం మీద. ఒంటినిండా ఒకటే కణం ఉన్న జీవి అది, గడ్డి నానిన నీళ్లలో పెరుగుతుంది. ముందు తన డీఎన్ఏకు రెండో ప్రతి తయారు చేసుకుని, ఆ తర్వాతే రెండుగా చీలుతుంది. ఆ ప్రతి ఎప్పుడు మొదలవుతుందో, చీలిక ఎప్పుడవుతుందో చూడటమే నా పని. కొన్నాళ్లు పస్తు పెట్టి, ఒక్కసారిగా తిండి వేస్తే అన్నీ దాదాపు ఒకేసారి చీలాలి. నావి మాత్రం వాటికి బుద్ధి పుట్టినప్పుడు చీలేవి. పెంచినవాళ్ల గుణమే వస్తుందంటారు.

ఎండాకాలం సెలవులకు ల్యాబుకు తాళం వేస్తామన్నారు. ఎట్టకేలకు దారికొచ్చిన ఒకే ఒక్క సీసాను ఒళ్లో పెట్టుకుని నస్పూర్‌లోని మా ఇంటికి బస్సెక్కాను. సెలవులయ్యాక అందులోని వాటిని మా ప్రాజెక్టు మేడమ్‌కు చూపిస్తేనే ఆ ఏడు పరీక్ష. ఆ నీళ్ల వాసనకు పక్క సీటామె గోదావరి బ్రిడ్జి దాటేదాకా ముక్కు మీంచి కొంగు తీయలేదు.

మా అవ్వ మా బొగ్గుగని క్వార్టర్ వెనక రెండు మేకలను సాకుతుంది. పారమీషియం అంటే ఆమెకేం అర్థమవుతుందని, సైన్సును చక్కని తెలుగులో చెప్పే ఘనత నాకే దక్కాలని, పెద్ద పంతులమ్మలా చెప్పాను.

"అవ్వా, గివి జీవాల నీళ్లు. పారవోయకు, జర పైలం."

"సరే తీ బిడ్డా."

మర్నాడు మంచిర్యాల వెళ్లి వచ్చేసరికి సీసా తళతళా తోమి, బోర్లించి ఉంది.

"అవ్వా, గిండ్ల నీళ్లేవి?"

"జీవాలకు తాపిన."

"ఏ జీవాలకు?"

"మనకున్న జీవాలెన్ని? గా మ్యాకలకే. ఒక్క సుక్క పారవోయలే, పైలంగనే తాపిన."

మా దిక్కు జీవాలంటే మేకలూ గొర్రెలే. అది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు, ఎమ్మెస్సీలో చేరాక మరిచిపోయాను. కూలబడి ఏడ్చాను. "నీ సదువు నేనే ఆగం జేస్తినా" అని అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. అది చూసి ఇంకా ఏడుపొచ్చింది.

సెలవులయ్యాక మేడమ్ అంతా విన్నారు, నవ్వలేదు.

"రెండో సీసా ఏదమ్మా?"

లేదన్నాను.

"చీలే ముందు కణం ఏం చేస్తది?"

"రెండో ప్రతి చేసుకుంటది మేడమ్."

కంటికి కనిపించని ప్రాణికున్న ముందుచూపు, దాని మీద పట్టా పుచ్చుకోబోయే నాకు లేకపోయింది. ఆ ఏడు పరీక్ష పోయింది.

మానేరు ఒడ్డు గుంటలోంచి నీళ్లు తెచ్చి మళ్లీ మొదలుపెట్టాను. మైక్రోస్కోపు కింద మొదటిది ఈదుతూ కనబడిన రోజు, మేడమ్ కంటే ముందు అవ్వకే ఫోన్ చేశాను.

"దొరికినయా బిడ్డా?"

"దొరికినయే అవ్వా."

"సీసలెన్ని?"

"ఈసారి రెండు."

ఏడుస్తుందేమోనని ఓదార్చబోయాను.

"అట్లయితే ఒకటి ఇంటికి తే," అంది. "మ్యాకలు మామూలు కుడితి ముడ్తలేవు."