వైరు లాగే మనిషి

విజయనగరంలో మా పత్రికాఫీసు సర్వర్లు చూసే ఆయన చీపురుపల్లి నుంచి వచ్చేవారు. ఒక సర్వరు పడిపోతే దాని పని రెండోది అందుకోవాలి. అలా అమర్చిన ప్రతిసారీ, నడుస్తున్నదాని కరెంటు వైరు ఆయనే లాగేసేవారు.

"నేనున్నప్పుడే పడాల," అనేవారు.

ఒక మధ్యాహ్నం లాగితే రెండోది అందుకోలేదు. మర్నాటి పేజీలతో సహా తెరలన్నీ ఆగిపోయాయి.

"ఏటయినాది మావా?" డెస్క్ ఇన్‌ఛార్జి పరుగున వచ్చారు.

"పొద్దున్న రిపేరుకని రెండోది అందుకునే మార్పిడి ఆపినాను. మళ్లీ పెట్టడం మర్సిపోనాను."

ఆయన వైరు తగిలించి, ఏదో టైపు చేసి మార్పిడి మళ్లీ పెట్టి, పేజీలు రప్పించారు. వెంటనే మళ్లీ వైరు పట్టుకున్నారు.

"ఒద్దు మావా, దణ్ణం పెడతాను."

"ఇప్పుడు సూడకపోతే, నేన్లేనప్పుడు ఎవులు సూస్తారు?"

ఆయన వైరు లాగారు. తెరలు చూసే ధైర్యం లేక మేమంతా ఆయన ముఖమే చూశాం. అది నెమ్మదిగా తేటపడింది.