మా మరిది అడిగిన కిటికీ

మా మరిదిని ఊళ్ళో అందరూ పర్లేదుగారు అంటారు. అమ్మా నాన్నా పెట్టిన పేరు కాగితాల్లో ఉంది, దాన్ని అక్కడే ఉండనీ. కాలు తొక్కినా పర్లేదు, టీలో పంచదార వెయ్యడం మరిచిపోయినా పర్లేదు, రిపేరుకిచ్చిన వాచీ ఆర్నెల్లయినా తీసుకెళ్ళకపోయినా పర్లేదు. వాడి నోట్లోంచి ఆ మాటొక్కటే ఊడిపడుతుంది. మిగతావన్నీ వాడి తరఫున నేనే మాట్లాడతాను. నా నోటికి ఎలాగూ ఏదో ఒక పని ఉండాలిగా.

నేను కాపురానికొచ్చేనాటికి వాడికి ఏడేళ్ళు. అత్తగారు లేరు. వాడికి నీళ్ళు పోసిందీ, తల దువ్విందీ, బడికి తోలిందీ నేనే. నా చదువు రెండో తరగతితో సరి. వాడు పలక తెచ్చి చూపిస్తే అర్థమైనట్టు తలూపేదాన్ని. ఓ సాయంత్రం వాడు మా ఆయన అలారం గడియారాన్ని మొత్తం విప్పేసి, పళ్ళ చక్రాలన్నీ నేల మీద వరసగా పేర్చుకుని కూర్చున్నాడు. మా ఆయన వచ్చే వేళైంది. పిల్లాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. "నేనే కింద పడేశాను, అయితే ఏంటిట?" అన్నాను మా ఆయనతో. ఆ తిట్లన్నీ నేను తిన్నాను. పొద్దున లేచి చూద్దును కదా, గడియారం శుభ్రంగా నడుస్తోంది. వాడి బదులు నేను మాట్లాడ్డం అక్కణ్ణించి మొదలు.

పెద్దయ్యాక వీధి మలుపులో చెక్క బంకు పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళు దాంట్లోనే. వాచీ బాగైనా వెంటనే ఇచ్చేవాడు కాదు. ఒక రోజంతా తన జేబులో వేసుకుని తిరగాలి, అది సరిగ్గా నడుస్తోందని వాడికి నమ్మకం కుదరాలి. భోజనానికొస్తే జేబుల్లో అయిదారు వాచీలు టిక్కుటిక్కుమంటూ ఉండేవి. "చీమల పుట్టని మోసుకొచ్చావేరా" అనేదాన్ని. నవ్వేవాడు.

పెళ్ళి చేసుకోలేదు. మనసులో ఒకమ్మాయి ఉండేది, నాకు తెలుసు. అడగడానికి వాడికి నోరు పెగల్లేదు. వాడే చెప్తాడని నేనూ ఊరుకున్నాను. జన్మలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే, అదీ మూసుకోకూడని చోట. ఆ పిల్ల పెళ్ళికి పెట్టిన వాచీ ఆగిపోతే బాగుచేసి ఇచ్చింది కూడా వీడే. ఒక రోజు జేబులో పెట్టుకునే ఇచ్చాడు.

రెండేళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేస్తామని బంకు తీయించేశారు. ఆ ఏడే కంటికి ఆపరేషను. "బల్బు కింద పని చెయ్యకండి. పగటి వెలుగు బాగా పడే చోట కూర్చుంటే ఇంకా పదేళ్ళు చేసుకోవచ్చు" అన్నాడు డాక్టరు. అలాంటి చోటు ఎక్కడ దొరుకుతుంది? వాడు ఇంట్లో వసారాలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ చేతుల వంకే చూసుకునేవాడు. పనిలేని చెయ్యి అంత బరువుంటుందని నాకు అప్పుడు తెలిసింది.

అప్పుడే పాత తంతి ఆఫీసు మాటొచ్చింది. నూరేళ్ళ పైబడిన కట్టడం. పాతికేళ్ళుగా తాళం వేసి, గబ్బిలాలకి అప్పజెప్పారు. చిన్న చిన్న పనివాళ్ళు కలిసి బాగుచేసుకుంటే వాళ్ళే వాడుకోవచ్చని ఊరి పెద్దలు ఒప్పుకున్నారు. పొడుగాటి హాలు, మూరెడు మందం గోడలు, ఉత్తరం వైపు నాలుగు పెద్ద కిటికీలు. ఎండ నేరుగా పడదు, వెలుగు మాత్రం పొద్దుగూకేదాకా ఒకేలా ఉంటుంది. హాలుని నాలుగు భాగాలు చేసి, ఒక్కోదానికి ఒక్కో కిటికీ అనుకున్నారు. మొదటిది బట్టలు కుట్టే అమ్మాయికి, రెండోది ఫోన్లు బాగుచేసే పిల్లకి, మూడోది, భాగం చివరికంటా జరిగి ఉన్నది, మా వాడికి, నాలుగోది పుస్తకాలు బైండు చేసే ఆయనకి. చెక్కపని కుట్టే అమ్మాయి మొగుడిది. ఆయన కొట్టు వెనక పాకలో.

గోడలకి సిమెంటు పూద్దామన్నారు. నేను ఊరుకుంటానా? పెళ్ళికి ముందూ తర్వాతా తట్టలు మోసినదాన్ని, గానుగ సున్నం నా చేతుల మీద నడిచింది. "పాత గోడ ఊపిరి పీల్చుకుంటుందయ్యా, సిమెంటు పూస్తే దాని ముక్కు మూసినట్టే" అని దెబ్బలాడి సున్నమే పూయించాను. సున్నం తొందరగా ఆరితే బీటలేస్తుంది. అందుకని గోడ పొడుగునా, కిటికీలతో సహా, తడి గోనెలు కట్టించాను. మూడు వారాలు ఎవర్నీ విప్పనివ్వలేదు. "పెద్దమ్మ గోడకి పురుడు పోస్తోంది" అని నవ్వుకున్నారు. నవ్వితే నవ్వుకోనీ.

ఆ గోనెలుండగానే వడ్రంగి అడ్డగోడలు నిలబెట్టాడు. మనిషికంటే ఎత్తు చెక్క గోడలు, కిందంతా సున్నంలో పాతి. కొలతలు పెళ్ళాం కొలిచి కాగితం మీద రాసిచ్చింది. "గోడ పచ్చిగా ఉంది, నీ చెక్క తగలనివ్వకు" అన్నాను. పాపం, జానెడు ఎడం వదిలాడు.

తెరిచే రోజుకి ఇంకా మూడు రోజులుందనగా గోనెలు విప్పాం. గోడ వెన్నలా ఉంది, ఒక్క బీట లేదు. నేను మురిసిపోతూ వెనక్కి తిరిగితే, మూడో అడ్డగోడ సరిగ్గా మా వాడి కిటికీ మధ్యలో నిలబడి ఉంది. సగం కిటికీ వాడికి, సగం బైండింగాయనకి. వాడి బల్ల మీద నీడ. వాడు కాసేపు చూశాడు, కళ్ళు చికిలించాడు, చెయ్యి నీడలో పెట్టి తీశాడు. "పర్లేదు" అన్నాడు. ఇంటికెళ్ళిపోయాడు.

నేను వెనకాలే వెళ్ళేసరికి పనిముట్లు ఒక్కొక్కటే మెత్తటి గుడ్డలో చుడుతున్నాడు.

"ఏంట్రా ఇది?"

"ఫోన్ల పిల్లకిచ్చేస్తా వదినా. సన్న పట్టకార్లు, దానికి పనికొస్తాయి."

"నీకో?"

"చాల్లే. నలభై ఏళ్ళు చేశాను కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "వాళ్ళ సంగతి ఇప్పుడే తేలుస్తా" అని కొంగు దోపుకుని బయల్దేరాను. గుమ్మం దగ్గర ఎందుకో వెనక్కి చూశాను. వాడు తలెత్తలేదు. నేను వెళ్ళి అరుస్తాను, పని జరుగుతుంది, వాడు అలా కూర్చునే ఉంటాడు. అరవై అయిదేళ్ళ మనిషి, అచ్చం ఆ ఏడేళ్ళ పిల్లాడు కూర్చున్నట్టే. వాడి మాటలన్నీ నేనే మాట్లాడేశాను, ఇక వాడికేం మిగిల్చాను?

తిరిగొచ్చి ఎదురుగా చతికిలబడ్డాను. "నేనడగను."

"నేనెప్పుడు అడగమన్నాను?"

"నువ్వే అడుగు."

"నేనా?"

"మరి వాచీలు బాగుచేసేది నేనా? కిటికీ వద్దా? వద్దంటే చెప్పు, పట్టకార్లు నేనే ఇచ్చొస్తా."

పట్టకార్లు గుడ్డతో సహా పక్కన పెట్టాడు. తర్వాత లేచి చెప్పులేసుకున్నాడు. నేను పది అడుగులు వెనకే నడిచాను.

హాల్లో వడ్రంగి చెక్కకి రంగేస్తున్నాడు. పెళ్ళాం మిషను తుడుచుకుంటోంది. బైండింగాయన అట్టలు సర్దుకుంటున్నాడు. మా వాడు వెళ్ళి వడ్రంగి పక్కన నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు.

"ఏంటి బాబాయ్?" అన్నాడు వడ్రంగి.

"పర్..." అన్నాడు మా వాడు. నేను దగ్గాను. వాడు ఊపిరి గట్టిగా పీల్చుకున్నాడు. "ఆ కిటికీ నాకు కావాలి. సగం చాలదు. మొత్తం కావాలి."

బైండింగాయన చేతిలో అట్ట జారిపోయింది. ఆ గొంతు అంత పెద్దగా ఎవరూ విని ఎరగరు మరి.

"కొలిచే కదా పెట్టాం" అంది కుట్టే అమ్మాయి. "నా కొలత తప్పుతుందా?" మెడలో టేపు తీసి విసిరింది. వడ్రంగి తన ఇనప టేపు దాని పక్కన పరిచాడు. అరవై అంగుళాల గుడ్డ టేపు, రెండంగుళాలు ముందుకుపోయి ఆగింది. ముప్పై ఏళ్ళు లాగీ లాగీ సాగిపోయింది. ఆవిడ కొలిచింది దీంతో, ఆయన గోడ పెట్టింది ఇనప టేపుతో. హాలు మూడో భాగం చివరికొచ్చేసరికి అదే అడుగున్నర తేడా అయి కూర్చుంది.

"మరి ఇన్నాళ్ళూ కుట్టిన బట్టలో?" అన్నాను.

"కొలిచేదీ దీంతోనే, కత్తిరించేదీ దీంతోనే పెద్దమ్మా. తేడా ఎందుకొస్తుంది?" అంది, ఏడుపు మొహంతో.

"నాకప్పుడే అనుమానమొచ్చింది" అన్నాడు మొగుడు.

"వస్తే మళ్ళీ కొలవచ్చుగా!"

"నువ్వు రాసిచ్చినదాని మీద మళ్ళీ టేపు పెడితే ఆ పూట నాకు తిండి పుట్టేదా?"

"అరవకండి. గోనెలు కట్టించింది నేను, ఎడం వదలమన్నది నేను. లేకపోతే కిటికీ కనపడేదే" అన్నాను. తప్పు ఒప్పుకోవడం నాకు కొత్త.

వడ్రంగి తల గోక్కున్నాడు. "జరపాలంటే నేల తవ్వాలి. మూడు రోజుల్లో సున్నం ఆరదు. పెద్దవాళ్ళొచ్చే రోజున మధ్యలో గుంటేంటి అంటారు బాబాయ్."

అందరం మా వాడి వంక చూశాం. ఇక్కడ వాడు పర్లేదంటాడనే నేననుకున్నాను.

"అననీ" అన్నాడు వాడు. "గుంట ఆరుతుంది. నీడ జరగదు."

"ఆ సగం నాకెందుకు, నా కిటికీ నాకుంది" అని బైండింగాయన తన అట్టలు తనే పక్కకి లాక్కున్నాడు. వడ్రంగి గునపం తెచ్చాడు. కుట్టే అమ్మాయి తట్ట పట్టుకుంది. సున్నం నేను కలిపాను.

తెరిచే రోజున వచ్చినవాళ్ళంతా ఆ తడి గోనె దాటుకుంటూ, ఎవరు తవ్వారు, ఎందుకు తవ్వారు అని అడుగుతూనే ఉన్నారు. మా వాడు వాళ్ళని పట్టించుకోలేదు. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద వెలుగు, కంటికి అద్దం బిగించుకుని ఎవరిదో వాచీ మూత తెరిచాడు. వాడు ఎలా చేస్తాడో చూద్దామని నేను స్టూలు లాక్కుని పక్కనే కూర్చుని మీదకి వంగాను.

"వదినా, కాస్త అటు జరుగు. వెలుగుకి అడ్డం వస్తున్నావు."

ఇన్నేళ్ళలో వాడు నన్ను జరగమనడం అదే మొదలు. జరిగాను.